మామ్మ దాచిన వల సూది

మా మనవరాలు పొద్దుటినుంచి తలనొప్పి అంటోంది. వాళ్లమ్మ సానమీద శొంఠి అరగదీసి నుదుట పట్టు వేస్తే, ఆ ఘాటు వసారాలో కూర్చున్న నాదాకా వచ్చింది. అంతే, నాకిక కుదురు లేదు. కర్ర పట్టుకుని లోపలికి వెళ్లి, వాంతి వస్తోందా, పక్కనున్న తలుపు కనిపిస్తోందా అని వరసపెట్టి అడుగుతుంటే అది పకపకా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది, దానికేం తెలుసు. శొంఠి వాసన తగిలితే నేను కొల్లేట్లో తేలతానని ఈ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మాది కొల్లేటి మధ్య ఒక చిన్న లంక. నేను చెప్పేది పంతొమ్మిది వందల ముప్ఫైల నాటి మాట, నాకప్పుడు ఎనిమిదేళ్లు. వానాకాలంలో నీళ్లు గుమ్మం ముందుకే వచ్చేవి, పక్కింటికి పోవాలన్నా తాటిదోనె ఎక్కాలి. శీతాకాలంలో ఎక్కడెక్కడి పక్షులో దిగి నీళ్లంతా తెల్లగా, గోలగోలగా ఉండేది. ఎండలు ముదిరి నీరు వెనక్కి పోయాక మేం పిల్లలం బురదలో చేతులు పెట్టి జెల్లలు పట్టి, ముల్లు గుచ్చుకుంటే ఏడ్చుకుంటూ పోయి పసుపు రాయించుకునేవాళ్లం. చవితికి కుడుములు, అట్లతద్దికి అట్లు అందరిళ్లలోనూ ఉండేవే గాని, మాకు అసలు పండగ చింతచిగురు వేసి చిన్నచేపలు వండిన రోజే. నూలు వలలు చివికిపోకుండా ఉడికించడానికి కాచే తుమ్మచెక్క కషాయం వాసన మా బట్టలకీ, జుట్టుకీ పట్టి ఉండేది.

అమ్మ వలలు అల్లేది. వెదురు సూదికి నూలు చుట్టుకుని చూరు కింద కూర్చుందంటే, మాట మాటే, ముడి ముడే. అల్లడం పూర్తయ్యాక మా అయ్య వల ఎత్తి వెలుతురుకి పట్టి చూసి, ఏమీ అనకుండా భుజాన వేసుకుని పోయేవాడు. ఆయన ఏమీ అనలేదంటే బాగుందని అర్థం.

ఆ ఏడు చలి మొదలయ్యే రోజుల్లో అమ్మకి తలనొప్పి పట్టుకుంది. పొద్దున్న లేస్తూనే తల రెండు చేతులా పట్టుకుని కూర్చునేది, పెరట్లోకి పోయి భళ్లున కక్కేది. మూడు నెలలుగా అమ్మ బయట కూర్చోలేదు కూడాను. మా మామ్మ, అంటే అయ్యని కన్నతల్లి, వేళ్లు లెక్కపెట్టుకుని మురిసిపోయింది. నా తర్వాత అమ్మకి కడుపు పండలేదు మరి. నాకు తమ్ముడు పుడతాడని లంకంతా చాటింది. కడుపుతో ఉన్నది ముడి వేయకూడదనీ, వేస్తే పురిటినాడు బిడ్డకి పేగు మెడకి చుట్టుకుంటుందనీ మామ్మ పట్టింపు. అమ్మ చేతిలోంచి సూది లాక్కుని చూర్లో ఎక్కడో దాచేసింది. తలనొప్పికి శొంఠి పట్టు, నోటికి చింతకాయ, ఇక అమ్మకి పనేం ఉంది? మహారాణిలా కూర్చోబెట్టింది.

నేను ఆ చలికాలమంతా దాగుడుమూతల్లో గెలిచాను. చాటుకి కూడా పోనక్కర్లేకుండా అమ్మ పక్కన జానెడు దూరంలో నిలబడితే చాలు, అమ్మ నన్ను కనుక్కోలేకపోయేది. 'ఓయ్' అంటే ఉలిక్కిపడేది. నా అంత గడుసుది లేదని ఎగిరాను. అమ్మ గుంజలకి భుజం కొట్టుకునేది, దోనె దిగుతూ తూలేది, అన్నీ కడుపులో బిడ్డ తెచ్చిన మైకమేనని మామ్మ నవ్వేది. మేమూ నవ్వాం. తలుచుకుంటే నా నోరు నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

నెలలు గడిచాయి గాని అమ్మ పొట్ట ఎత్తు రాలేదు. మామ్మ తమ్ముడి మాట ఎత్తడం మానేసింది. అయ్య తాడేపల్లిగూడెం తీసుకెళ్తే అక్కడ నాడి చూసే వైద్యులు గారు కడుపు లేదని తేల్చి, ఇది ఒట్టి పైత్యమని లేహ్యం ఇచ్చారు. దాంతో నొప్పి ఇసుమంతైనా తగ్గలేదు. కడుపే లేనప్పుడు నాకు సూది ఇవ్వకూడదా అని అమ్మ బతిమాలి పుచ్చుకుంది. వారం రోజులు కళ్లు చిట్లించుకుని వల అల్లింది. అయ్య దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టాడు. నా తల దూరేంత బొక్కలు! అప్పుడూ ఆయన ఏమీ అనలేదు. వల మడిచి పక్కన పెట్టి, మర్నాడు తెల్లారగానే అమ్మనీ నన్నూ దోనె ఎక్కించాడు.

దోనె దిగి, ఎడ్లబండి మీద కుదుపులకి అమ్మ తల నా ఒళ్లో పెట్టుకుని, మధ్యాహ్నానికి ఏలూరు చేరాం. కళ్లు చూసే డాక్టరు గారు పెద్దాయన, నెమ్మదస్తులు. చీకటి గదిలో అద్దం పట్టి దీపం వెలుగులో అమ్మ కళ్లలోకి చాలాసేపు చూశారు. తర్వాత ఎదురుగా కూర్చుని, తన ముక్కు వంకే చూస్తూ ఉండమనీ, పక్కన వేళ్లు కదిలితే చెప్పమనీ అన్నారు. రెండు చేతులూ చాపి వేళ్లు ఆడించారు. నాకు కనిపిస్తున్నాయి, గుమ్మంలో ఉన్న అయ్యకీ కనిపిస్తున్నాయి. అమ్మ బుద్ధిమంతురాలైన పిల్లలా ఆయన ముక్కునే చూస్తూ కూర్చుంది. కాసేపటికి మొహమాటంగా అడిగింది.

"ఇంకా మొదలెట్టలేదేంటండి బాబుగారూ?"

ఆయన చేతులు దించేశారు. ముట్టు ఎప్పుడు ఆగిందో అడిగి తెలుసుకుని, అయ్యని బయటికి పిలిచారు. నేను అయ్య పంచె పట్టుకుని వెంట వెళ్లాను.

"ఇది కంటి జబ్బు కాదయ్యా. తల లోపల కాయలాంటిది పెరిగి చూపు నరాన్ని నొక్కేస్తోంది. ముట్టు ఆగిందీ దానివల్లే. మద్రాసు తీసుకెళ్లాలి. అక్కడైనా నేను మాట ఇవ్వలేను. రెండు పక్కలా చూపు పోతుంటే ఇన్నాళ్లూ ఎవరూ గమనించలేదా?"

అయ్య తల వంచుకున్నాడు. నా నోట్లో దాగుడుమూతల మాట ఉంది, మింగేశాను. పెరిగింది తమ్ముడు కాదని మాత్రం నాకు అర్థమైంది.

మద్రాసు ప్రయాణం కుదుర్చుకునే లోపే అమ్మకి ఎదుటి చూపూ పోయింది, మంచం పట్టింది. మామ్మ రోజంతా ఆ మంచం పక్కనే కూర్చునేది. ఒకరోజు వెదురు సూది తెచ్చి అమ్మ చేతిలో పెట్టి, "నేను దీన్ని దాచకపోతే అప్పుడే తెలిసిపోయేదే అమ్మాయ్," అని భోరుమంది. అమ్మ మామ్మ చెయ్యి తడుముకుని పట్టుకుంది. తర్వాత ఇక కళ్లని నమ్ముకోకుండా, చేతి తడుముడుతోనే జానెడు వల అల్లింది. ఒక్క ముడీ తప్పలేదు. తొలకరికి ముందే అమ్మ పోయింది. దాగుడుమూతల సంగతి ఆమెకి చెప్పుకోలేకపోయాను.

ఇప్పుడు మా లంక చుట్టూ చేపల చెరువుల గట్లే. తాటిదోనెలు లేవు, నైలాన్ వలలకి తుమ్మచెక్క అక్కర్లేదు, మామ్మ పట్టింపులూ ఆవిడతోనే పోయాయి. నా పోరు పడలేక మనవరాల్ని సాయంత్రం స్కానింగుకి తీసుకెళ్తామంటున్నారు. అప్పటిదాకా ఆగలేక దాన్ని నా ఎదురుగా కూర్చోబెట్టి, నా ముక్కు వంకే చూడమని, రెండు చేతులూ చాపి వేళ్లు ఆడించాను.

"కదుపుతున్నావు అమ్మమ్మా, రెండు పక్కలా," అంది.

నేను చేతులు దించలేదు. ఇంకొక్కసారి చెప్పమన్నాను.