పెళ్లి చీర కట్టిన నత్త

ఆదివారం, ఆగస్టు రెండో వారం. రెండు బకెట్ల బట్టలు ఉతికాను, బియ్యం ఏరాను, మా ఆయనకు షిఫ్టు డబ్బా కట్టాను. ఒక్క పని దగ్గరా మనసు నిలవలేదు.

కారణం నిన్న నేను చేసిన నిర్వాకం. రేపు బడిలో జరిగే ప్రదర్శనకు మా అమ్మాయి సుజాత గుల్ల లేని సముద్రపు నత్త బొమ్మ వేసింది. నల్లటి ఒళ్లు, నీలం గట్లు, వాటి మీద పసుపు బొడిపెలు, తల మీద రెండు పసుపు కొమ్ములు. మా క్వార్టర్ల మురుగు మోరీల దగ్గర పాకే నత్తలన్నీ బురద రంగువే. "నత్తకు పెళ్లి చీర కడ్తవా?" అని, "నిజంగనే ఉంటదమ్మా" అని పిల్ల మొత్తుకుంటున్నా వినకుండా షీటు చింపేశాను. పిల్ల అన్నం ముట్టలేదు.

ఈ మధ్యాహ్నం ఉండబట్టలేక, ఆడవాళ్లెవరూ అడుగుపెట్టని కార్మికుల రీడింగ్ రూముకు వెళ్లాను. పేపరు చదువుతున్న ఒకతను కంగారుగా లేచాడు.

"అక్కా, బావ డ్యూటీకి పోయిండు గదా, ఈడ లేడు!"

"మీ బావ కోసం రాలే తమ్మీ, నత్త కోసమొచ్చిన."

అందరూ నవ్వారు. పుస్తకాలు చూసుకునే జోసెఫ్ కాక మాత్రం బీరువాలోంచి సముద్ర జీవుల పుస్తకం తీసిచ్చాడు. అచ్చం అదే నత్త! ఎర్ర సముద్రం నుంచి మన లక్షద్వీప్ మీదుగా పసిఫిక్ దీవుల దాకా ఉంటుందట.

కొత్త షీటు కొని ఇంటికి పరుగెత్తాను. "తప్పు నాదే బిడ్డా" అన్నాను.

"గట్లయితే నీలం రంగు నువ్వే వెయ్యాలె" అంది.

వేశాను. పిల్లల మాట వినకుండా మీరేం చింపేశారో మీరూ చెప్పండి. సుజాతకు నేను బాకీపడ్డ క్షమాపణ ఈ సాయంత్రంతో చెల్లు.