కొండ మీద మిరప కల్లం

ఆ రోజుల్లో మా ఇంటికి మంచి కబురేదైనా బాబాయి సైకిలు మీదే వచ్చేది. "ఒంగోలు ఆఫీసులో పటాలకు రంగులేసే అమ్మాయి కావాలంటమ్మా. నీ ముగ్గుల చెయ్యి పనికొస్తుంది" అన్నాడు. బడి మొహం చూడకుండా తాతయ్య దగ్గర ఇంట్లోనే చదువుకున్న నన్ను ఒకరు పనికి పిలవడమే స్వామి దయ అనుకున్నాను. గుండ్లకమ్మ ఏటికి నీళ్లు చేరే ఊళ్లలో ఏ నేల మట్టి ఎక్కువగా కొట్టుకుపోతుందో పటం గీయడం ఆ ఆఫీసు పని. ప్రమాదమని పటంలో తేలిన చోటే గట్లు వేస్తారు.

ఉపగ్రహం తీసిన ఫోటోలో ఏ రంగు ఏమిటో ఆఫీసు సారు మొదటి రోజే చెప్పారట. (కంప్యూటర్ ముట్టుకుంటే షాక్ కొడుతుందేమోనని నేనప్పుడు లోలోపల ఆంజనేయస్వామిని తలుచుకుంటున్నాను.) ఫోటో నిండా ఎర్రటి మరకలు. మన వైపు పైనుంచి చూస్తే ఎర్రగా కనిపించేది ఇంకేముంటుంది? మిరపకాయలు ఆరబోసిన కల్లాలే! గడ్డిపరక లేని నేల కదా అని వాటన్నిటికీ ప్రమాదమని ఎరుపు వేశాను. ఆకుపచ్చా నీలం కలిసినట్టున్నదంతా పైరనుకుని, భయం లేదని పచ్చరంగు వేశాను.

నెల రోజుల ఆ పనితనాన్ని ఒక ఊళ్లో పంచాయతీ గోడకు అంటించాం. ఏటా వాన వెలిశాక పార పట్టుకుని తెగిన గట్లు పోసుకుంటాడని ఊరంతా 'గట్ల తాత' అని పిలిచే పెద్దాయన ముందుకొచ్చాడు.

"అమ్మాయ్, వాగు పక్కన ఆ పచ్చది నా చేనేగా?"

"అవును తాతా, మీకేం భయం లేదు."

"భయం లేదా! వానవానకీ నా మట్టి వాగులో కలుస్తుంటే! ఈ ఏడు గట్టు పడకపోతే మిగిలేది రాళ్లే. పత్తి యాడ పెట్టేది? మరి ఆ కొండ ఎర్రగా ఉందేంది? అక్కడంతా సర్కారు తుమ్మే. మేక కూడా దూరదు, మట్టి ఎట్టా పోద్ది?"

"తుమ్మ కాదు తాతా, అది మిరప కల్లం."

"కొండ మీద కల్లమా! కాయలు కోతులు ఆరబోసినయ్యా?"

ఊరంతా నవ్వింది. సారు మాత్రం తల పట్టుకున్నారు. ఆ ఫోటోలోవి మన కంటికి కనిపించే రంగులు కావట. ఎర్రగా ఉండేది పచ్చటి చెట్టూ చేమా అట, నీలం కలిసినట్టున్నది ఉత్త నేలట. అంటే నా పటం మొత్తం తలకిందులు! ఉద్యోగం పోయిందనుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాను. గట్ల తాతే అడ్డం వచ్చాడు. "ఆ పిల్లనేం అనబాకండి సారూ. మిర్చి పండే చోట పుట్టింది, ఎరుపు చూస్తే ఇంకేం గుర్తొస్తది? నాతో చేలమ్మట పంపండి, నేను చూపిస్తా."

వారం రోజులు ఆయన ముందు, పటం పట్టుకుని నేను వెనక. కర్రతో నేల పొడిచి "ఇక్కడ పోద్ది, ఇక్కడ ఆగుద్ది" అని చెబుతుంటే రంగులన్నీ తిరగేశాను. వానల ముందే ఆయన చేనికి గట్టు పడింది. మొదటి పెద్దవాన మర్నాడు బాబాయి సైకిలు మళ్లీ మా వాకిట్లో ఆగింది. "మట్టి నిలిచిందని నీతో చెప్పమన్నాడమ్మా తాత."

తర్వాత చాలా పటాలు గీశాను. ఇప్పటికీ ఎర్ర మరక కనిపిస్తే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. తాత ఇప్పుడు లేడు. మీరెప్పుడైనా వాన వెలిశాక మా వైపు వస్తే, మట్టిని పోనివ్వకుండా ఆపిన గట్టు కనిపిస్తే, ఒక్కసారి ఆయన్ని తలుచుకోండి. కొండ మీద మిరపకాయలు ఆరబోసిన అమ్మాయిని మాత్రం దయచేసి మరిచిపోండి.