నాము మేసిన ఎద్దు

నా చిన్నప్పుడు మా ఊళ్లో అందరికీ అన్నీ తెలుసు. అదే వచ్చిన చిక్కు. కొల్లాపూర్ దగ్గర మా చేలో జొన్న కోయగా మిగిలిన మోళ్లకు, ఆ ఎండాకాలం చివర ఒక్క వాన పడగానే లేత పిలకలు వచ్చాయి. ఎండదెబ్బ తిన్న జొన్న పిలకల్లో విషం ఉంటుందని, దాన్ని నాము అంటారని చిన్నపిల్లనైన నాకే తెలుసు. మా అవ్వకు తెలియదా? తెలుసు. అయితే వాన పడితే నాము కొట్టుకుపోతుందని ఆమె లెక్క. డొక్కలెండిన ఎద్దును చూడలేక, తానే తోలుకెళ్లి మేపింది.

కాసేపటికే ఎద్దు కూలబడి నోరు తెరిచి రొప్పసాగింది. మాకున్నది ఒక్క జత. అందులో ఒకటి పోతే ఆ ఏడు దుక్కి లేదు, ఇంట్లో గింజ లేదు. బాపు అని పిలిచే మా నాన్న పశువుల దవాఖానకు ఉరికాడు. ఇక ఊరంతా మా చేలోనే. ఒకాయన దిష్టి అన్నాడు, ఒకామె చల్ల తాగించమంది. గాలి ఆడటం లేదని నలుగురు చేటలు తెచ్చి దాని ముక్కు దగ్గర విసరడమే విసరడం. నాకు ఒకవైపు ఏడుపు, ఒకవైపు ఒళ్లుమంట.

బాపు సైకిల్ వెనక కూర్చుని వచ్చిన డాక్టరు సారు ఆ చేటలను పక్కకు నెట్టి, ఎద్దు పెదవి ఎత్తి చూపించారు. లోపల ఎర్రగా మెరుస్తోంది.

"గాలికేం తక్కువ లేదు, తక్కువైతే ఇది నీలంగ అయితుండె. నెత్తుర్ల నిండ ఉన్నది. పొయ్యిల కట్టెలున్నయ్, గాలున్నది, మంటనే అంటుకుంటలేదు. దీని ఒంట్ల ప్రతి కణం గట్లనే అయింది. ఆ మంటను నాము ఆపింది. మీరు విసిరితే ఏం లాభం?"

తిడుతూనే మెడ నరంలోకి మందు ఎక్కించారు. కొంతసేపటికి రొప్పు తగ్గింది. చెవి ఆడించింది. ఎట్లాగో లేచి నిలబడింది. అవ్వ దాని మెడ పట్టుకుని, "నా చేత్తోనే పెట్టిన గదా బిడ్డా" అని ఏడ్చింది. పగవాడు చేస్తే తిట్టిపోయవచ్చు. ప్రేమ కొద్దీ చేసినవాళ్లను ఏమనాలి?

ఇప్పుడు తెలంగాణ వచ్చింది, ఊరికి రోడ్డు వచ్చింది, అందరి చేతిలో ఫోను ఉంది. వాన పడగానే జొన్న మోళ్ల మీదికి మేకలను తోలే బుద్ధి మాత్రం పోలేదు. చెప్పి చెప్పి నా నోరు పోయింది. అందుకే ఈ వయసులోనూ పోయి చేనికి అడ్డం నిలబడతాను. పచ్చ కనపడితే ముసల్దానికి కడుపుమంట అని తిట్టుకుంటారు. తిట్టుకోనీ. తిట్లు తిని ఏ మేకా చావలేదు.