అవ్వకు నేను రాసిన నలభై మూడేళ్ళు

ఈ నెల ఇరవై ఐదున మా మండలంలో ఆధార్ క్యాంపు పెడుతున్నారు. ఆలోగా మా అవ్వ వయసుకు ఒక పాత రుజువు దొరకాలి. దానికి మీ సాయం కావాలి. సాయం అడిగే ముందు తప్పు ఎవరిదో చెప్పాలి కాబట్టి ఇదంతా రాస్తున్నాను... తప్పు నాది.

మా చిన్నప్పుడు... మైదుకూరు దగ్గర మా ఊళ్ళో, మా వీధి మొత్తానికి తప్పుల్లేకుండా పేరు రాయగలిగినవాళ్ళం నలుగురైదుగురు పిల్లలమే. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేను. ఎవరికి ఏ కాగితం నింపాలన్నా పిలుపు మా ఇంటికే వచ్చేది. పెన్ను జడలో గుచ్చుకుని వెళ్ళేదాన్ని... అంత గర్వం.

అవ్వ అంటే మా నాయన వాళ్ళమ్మ, మార్తమ్మ. పసుపు కాలంలో కొమ్ములు ఏరే కూలికి పోయి, సాయంత్రం పచ్చటి చేతులతో ఇంటికొచ్చేది. ఎంత తోమినా ఆ రంగు పోయేది కాదు. ఆ చేతులతోనే నాకు సంగటి ముద్దలు పెట్టేది.

మేం 'పెద్దయ్యాక' అని చెప్పుకునే కలలన్నీ అవ్వకు 'ముసలిదాన్నయ్యాక' అని మొదలయ్యేవి. ముసలిదాన్నయ్యాక ఇంక కూలికి పోదట. అరుగు మీద కూర్చుని ఆకూవక్క నములుతుందట. నెలనెలా పింఛను రాగానే నాకు బొరుగుల ఉండలు కొనిపెడుతుందట. నాయనకు అలాంటివేమీ లేవు. ముందు ఈ ఏడు వానలు పడనీ అనేవాడు.

నేను ఐదో తరగతిలో ఉండగా మా హెడ్మాస్టరు సారు రిటైరయ్యారు. బడి ముందర కుర్చీలో కూర్చోబెట్టి మెడలో పెద్ద దండ వేశారు. టీచర్లు కళ్ళు తుడుచుకున్నారు. ఎందుకని పక్కనున్న పిల్లను అడిగితే, యాభై ఎనిమిది నిండితే ఇంక ఉంచరంట, పంపించేస్తారంట అంది. సారు ఆ సాయంత్రమే సామాను ఆటోలో వేసుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ కనిపించలేదు.

దండ, ఏడుపు, ఒక మనిషి మళ్ళీ రాకపోవడం... ఈ మూడింటినీ కలిపి అంతకు ముందు చావింట్లోనే చూశాను నేను.

కొన్నాళ్ళకే మా ఊళ్ళో ఆధార్ కార్డులు తీసే ఆయన ఇంట్లోవాళ్ళ వివరాలు కాగితం మీద రాసి తెమ్మన్నాడు. అవ్వను ఎదురుగా కూర్చోబెట్టుకుని వయసెంత అని అడిగాను.

"ఏమోమే... యాభై దాటి శానా దినాలయ్యింటాది. నీకెంత తోస్తే అంత రాయి."

యాభై ఐదు అని రాయబోయి ఆగాను. అంటే ఇంకో మూడేళ్ళలో యాభై ఎనిమిది. వేళ్ళ మీద లెక్కపెట్టాను. నాకు ఉద్యోగం రావడానికి పదిహేనేళ్ళు పడుతుంది. ఆ తర్వాత అవ్వను నేనే చూసుకుంటాను, ఎవరూ ఎక్కడికీ పంపించలేరు. యాభై ఎనిమిదిలోంచి పదిహేను తీసేసి, నలభై మూడు అని గుండ్రంగా రాశాను.

పై వరసలో నాయన వయసు ముప్పై నాలుగు అని నేను రాసిందే ఉంది. లెక్కల్లో ఎప్పుడూ నాదే మొదటి మార్కు. ఆ ఒక్క తీసివేత మాత్రం తోచలేదు.

నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు అవ్వ ఈడువాళ్ళకు పింఛన్లు మొదలయ్యాయి. అవ్వ కార్డును కొంగున ముడేసుకుని బయల్దేరింది. నేను తోడు వెళ్ళాను. కార్డులో వయసు చూసి, ఇంకా చాలా ఏళ్ళు ఆగాలన్నారు. వరసలో ఉన్న ఒకాయనకు నాయన వయసు తెలుసు.

"ఏం మార్తమ్మా, తొమ్మిదేండ్లకే కొడుకును కంటివా?"

అందరూ నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. నేను నా చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను.

నాయన ఆ రోజే కార్డులు తీసినాయన ఇంటి మీదికి పోయాడు. మీరిచ్చిన కాగితంలో ఉన్నదే కొట్టినానప్పా అని ఆయన మొత్తుకుంటూనే ఉన్నాడు. నేను అక్కడే ఉన్నాను. నోరు విప్పలేదు. బాగా చదివే పిల్ల అన్న పేరు పోతుందని. ఆ పేరు కాపాడుకోవడానికి నేను మాట్లాడని ఏళ్ళన్నీ అవ్వ కూలికి పోతూనే ఉంది.

ఇప్పుడు నాకు ఇరవై ఐదు. లెక్కేసుకున్న ఉద్యోగం రాలేదు, ఇంకా పరీక్షలకు చదువుతున్నాను. పోయిన వారం పొద్దున్నే పనికి బయల్దేరిన అవ్వ గడప దగ్గర కూలబడింది. మోకాళ్ళు లేవనివ్వలేదు. సద్ది గిన్నె పక్కన పెట్టి అడిగింది...

"నేను ముసలిదాన్నయ్యేదానికి ఇంకా ఎన్నేండ్లుండాయిమే?"

దెప్పిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. పింఛను ఇచ్చే అరవై ఏళ్ళకు కార్డు లెక్కన ఇంకా రెండు.

అప్పుడు చెప్పాను. సారు దండతో సహా అంతా చెప్పాను. అవ్వ ఆశ్చర్యపోలేదు. నా ముందరే కదా రాస్తివి, నాకు తెలుసులే అంది. మరి నాయనకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మన ఇంట్లో రాసే చెయ్యి ఒకటే ఉండాది. దానికి నేనే వంక పెడితే ఇంకెవురు నమ్ముతారుమే?"

ఆ తర్వాత నాయనకూ చెప్పాను. చొక్కా వేసుకుని ఆ కార్డులు తీసినాయన ఇంటికి వెళ్ళి, ఆనాడు అన్నదానికి మన్నించమని అడిగొచ్చాడు. అది నన్ను తిట్టినదానికంటే ఎక్కువైంది.

ఇక అడగాల్సింది ఇదీ... అవ్వ పుట్టింది బద్వేలు వైపు ఒక పల్లెలో. పసిబిడ్డప్పుడే అక్కడి చర్చిలో బాప్తిస్మం ఇచ్చి, అయ్యగారు ఎర్ర గుడ్డ అట్ట ఉన్న పెద్ద పుస్తకంలో పేరు రాసుకున్నారట. పాత చర్చి పడగొట్టి కొత్తది కట్టినప్పుడు ఆ పుస్తకం ఎవరింటికి చేరిందో తెలియదు. ఆ వైపు వాళ్ళెవరైనా ఉంటే మీ తాతల పెట్టెల్లో ఒకసారి చూడండి. మార్తమ్మ, తండ్రి దేవదానం. పల్లె పేరు అడిగినవాళ్ళకు విడిగా చెబుతాను.

మా చిన్నప్పుడు ముసలితనం దానంతట అదే వచ్చేది... ఇప్పుడు దానికీ కాగితం చూపించాలి.

ఇరవయ్యో తేదీలోగా జవాబు రాయండి. లేదు అన్నా సరే, రాయండి, ఇంకోచోట వెతుక్కుంటాను. మా అవ్వ ముసలిదవ్వాలి.