ఉందయ్యగారి ఏడో కుర్చీ

ఉందయ్యగారి నోట "లేదు" అన్న మాట విన్నవాళ్ళు ఆ గ్రంథాలయంలో ఒక్కరూ లేరు. పుస్తకాల జాబితా రాసే ఉద్యోగం ఆయనది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఎవరే పుస్తకం అడిగినా "ఉందయ్యా" అనడం తప్ప వేరే జవాబు ఎరగరు కాబట్టి జనం ఆయనకి ఆ పేరే ఖాయం చేశారు. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది. దాని జోలికి ఎవరూ పోరు.

ఒకాయన వచ్చి కప్పల మీద పుస్తకం అడిగాడు. అది చెదలు తిని అప్పటికి తొమ్మిదేళ్ళు. "ఉందయ్యా, బయటికెళ్ళింది, వస్తుంది" అన్నారు ఉందయ్యగారు. పాపం ఆ మనిషి నాలుగేళ్ళపాటు ప్రతి శనివారం వచ్చి, కప్పలు వచ్చేదాకా కాలక్షేపానికని పక్క అరలోవి చదివి చదివి, చివరికి పాముల మీద తనే ఒక పుస్తకం రాసి తెచ్చి ఇచ్చాడు.

బల్బు పోతే "కొండెక్కింది" అంటారు. కూజాలో నీళ్ళయిపోతే "నిండుకున్నాయి" అంటారు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు అనేవే, కొత్తేం కాదు. కానీ ఈయన వాడకానికి అంతూ పొంతూ ఉండేది కాదు. గ్రంథాలయం సిబ్బందికి వెబ్‌సైట్ తయారు చేయడం నేర్పడానికి వచ్చిన టీచరమ్మకి ఆ సంగతి మొదటి రోజే తెలిసొచ్చింది.

"కూజాలో నీళ్ళున్నాయా అండీ?"

"నిండుకున్నాయమ్మా."

హాస్టళ్ళలో పెరిగిన పిల్ల. నిండుగా ఉన్నాయనుకుని గ్లాసు పెట్టి కూజా వంచింది. అందులోంచి ఒక సాలీడు తీరిగ్గా దిగింది.

"పోనీలెండి. ఇక్కడి పెద్ద లైబ్రేరియన్‌గారితో మాట్లాడాలి. ఉన్నారా?"

"ఉన్నారమ్మా. లోపలి గదిలో."

టీచరమ్మ తలుపు తట్టి, సమాధానం రాక, మెల్లగా తోసి లోపలికి వెళ్ళింది. గదిలో ఒక బల్ల, బల్ల వెనక గోడకి ఒక పెద్దావిడ ఫొటో ఉన్నాయి. ఫొటో కింద రెండు తేదీలున్నాయి. రెండోది ఆరేళ్ళ కిందటిది.

శిక్షణ జరిగేది పఠన మందిరంలోనే, ఒక చివర. పొడుగాటి గది. కిటికీలు మనిషి ఎత్తుకి పైన ఉంటాయి. గోడ వారగా పన్నెండు కుర్చీలు, వాటి వీపుల మీద తెల్ల రంగుతో అంకెలు, ఎదురుగా సన్నటి బల్ల. నాలుగు దాటితే చదివేవాళ్ళు వెళ్ళిపోతారు, ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. ఎక్కడో ఒక పుస్తకంలో కాగితం లేచి పడుతుంది. ఎవరో పేజీ తిప్పారనుకుని టీచరమ్మ తిరిగి చూసేది. అలా చూడకూడదని ఎంత అనుకున్నా మెడ ఊరుకునేది కాదు.

పన్నెండు రోజుల శిక్షణ. పన్నెండో రోజు అధికారి వచ్చి వెబ్‌సైట్ ప్రారంభించి, బాగుంటే టీచరమ్మని మిగతా గ్రంథాలయాలకి కూడా పంపుతారు. ఆ పిల్లకి దొరికిన మొదటి పని ఇది. వెబ్‌సైట్ వస్తోంది కదా, ఇంక ఫోనెందుకని పై ఆఫీసువాళ్ళు ముందే టెలిఫోన్ పీకేశారు. గోడకి తెగిన తీగ మాత్రం వేలాడుతోంది. ఐదవుతుంటే ఉందయ్యగారు ఆ తీగ వైపు ఒకసారి చూసేవారు. ఆయనకి సెల్‌ఫోన్ లేదు. ఆయన్నడిగితే ఉందనే అంటారనుకోండి.

ఉన్న ఐదుగురిలో మంచి విద్యార్థి ఆయనే. పుస్తకాలిచ్చే కౌంటరులో కూర్చునే ఆవిణ్ణి అందరూ కౌంటరక్క అంటారు. పేజీలో ఒక బొమ్మ పెట్టడానికి ఆవిడకి మూడు రోజులు పట్టింది, అదీ తలకిందులుగా. ఉందయ్యగారు మూడో రోజుకే సొంతంగా పేజీలు చేస్తున్నారు. ఒక్క సందేహమే అడిగారు.

"ఇందులో మనం రాసింది ఇంట్లో కూర్చున్నవాళ్ళకి అప్పటికప్పుడు కనిపిస్తుందా అమ్మా?"

"కనిపిస్తుందండీ. చిరునామా తెలిస్తే చాలు."

"అయితే ఇది మంచి విద్యే."

నాలుగో రోజు పేచీ వచ్చింది. చిరునామా తప్పు కొట్టినా, తీసేసిన పేజీ వెతికినా "మీరు వెతికిన పేజీ లేదు" అని కనిపించాలి. అది రాసే పని ఉందయ్యగారికి పడింది. ఆయన చీమ కుట్టినట్టు ముఖం పెట్టారు.

"ఇంటికొచ్చిన మనిషితో గుమ్మంలోనే ఆ మాట అనడమేంటమ్మా?"

"ఏ మాటండీ?"

"అదే, బోర్డు మీద మీరు రాశారే, ఆ మాట."

"ఏ మాటో చెప్పండి, మారుద్దాం."

ఆయన గొంతు సవరించుకుని మంచినీళ్ళకని లేచి వెళ్ళిపోయారు. తిరిగొచ్చి తన పద్ధతిలో రాశారు: "మీరు వెతుకుతున్నవారు ఇప్పుడే బయటికి వెళ్ళారు. కాసేపు కూర్చోండి, వస్తారు."

"పేజీని పట్టుకుని 'వెళ్ళారు', 'వస్తారు' అంటారేంటండీ?"

"పేజీ అయితే మాత్రం మర్యాద ఉండొద్దా అమ్మా?"

టీచరమ్మకి నవ్వొచ్చింది. తర్వాత దిద్దుదాంలే అని వదిలేసింది.

ఏడో రోజు, ఏ పేజీని ఎంతమంది చూశారో తెలుసుకోవడం నేర్పుతోంది. వెబ్‌సైట్ ఇంకా జనంలోకి పోలేదు కాబట్టి అన్నిటి పక్కనా సున్నాలూ ఒకట్లూ ఉన్నాయి, అవన్నీ తరగతి జరిగే వేళవే. ఒక్కటి తేడాగా కనిపించింది. దేనికీ అతకని, ఎవరూ చెప్పని పేజీ. దాని పేరు "ఏడు." నాలుగు రోజులుగా ప్రతి సాయంత్రం ఐదూ ఐదుకి బయట నుంచి ఎవరో ఒక్కరు దాన్ని చూస్తున్నారు.

టీచరమ్మ తెరిచింది. తెల్లటి పేజీ, బొమ్మల్లేవు.

"మాస్టారు వచ్చారు. ఏడో కుర్చీలో కూర్చున్నారు. నక్షత్రాల పుస్తకం తీశారు. నూట నలభై రెండో పేజీ. ఆరున్నరకి ఇంటికి బయల్దేరతారు."

మెడ మళ్ళీ తిరిగింది. ఏడో కుర్చీ ఖాళీగా, బల్లకి కొంచెం వారగా జరిగి ఉంది, కూర్చున్న మనిషి కాళ్ళు చాపుకోవడానికి జరుపుకున్నట్టు. ఎదురుగా ఒక పుస్తకం తెరిచి ఉంది. దగ్గరికెళ్ళి చూసింది. నూట నలభై రెండు.

"అక్కా, ఇక్కడికి మాస్టారని ఎవరైనా వస్తారా?" అని కౌంటరక్కని అడిగింది.

"లెక్కల మాస్టారా? రోజూ ఐదింటికి వచ్చేవారు. ఏడో కుర్చీ ఆయనదే."

"వచ్చేవారంటే?"

కౌంటరక్క గొంతు తగ్గించింది. "పోయి రెండేళ్ళయింది టీచరమ్మా."

టీచరమ్మ ఉందయ్యగారి దగ్గరికి వెళ్ళి వీలైనంత మామూలుగా అడిగింది. "ఏడో కుర్చీలో ఎవరైనా ఉన్నారా అండీ?"

"ఉన్నారమ్మా."

ఆయన్ని అడిగి ఏం లాభం? ఊరు ఊరంతా ఖాళీ అయినా ఉన్నారనే మనిషి.

మర్నాడు మధ్యాహ్నం నుంచి వాన. టీచరమ్మ పంతం పట్టి ఐదుదాకా కూర్చుంది, గుమ్మం మీంచి చూపు తిప్పకుండా. బయటివాళ్ళెవరూ లోపలికి రాలేదు. ఐదయ్యేసరికి తన ముందున్న కంప్యూటర్లో పేజీ మారింది. "మాస్టారు వచ్చారు. దారిలో వాన. గొడుగు మూల పెట్టారు."

మూలకి చూసింది. నల్ల గొడుగు. దాని కొసనుంచి నీళ్ళు ఒక్కో చుక్కే కారుతున్నాయి. టీచరమ్మ ఒక చెప్పు కాలికి వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని ఇంటికి పోయింది.

తొమ్మిదో రోజుకి ఆమెకి కొంత ధైర్యం, దానికి రెండింతలు కోపం వచ్చాయి. చచ్చిపోయిన మనిషి రోజూ హాజరవుతున్నాడని గ్రంథాలయం వెబ్‌సైట్ చెబుతుంటే అధికారి ఊరుకుంటాడా? తన పని గంగలో కలిసినట్టే. కళ్ళు మూసుకుని ఆ పేజీ తీసేసింది. అది రాసింది ఎవరో కనిపెట్టడం కష్టమేం కాలేదు. ఉందయ్యగారి ఖాతాకి తాళం వేసింది.

ఐదింటికి ఉందయ్యగారు కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఒకసారి కొట్టారు, రెండుసార్లు కొట్టారు. గోడమీది తీగ వైపు చూశారు. తర్వాత టీచరమ్మ దగ్గరికి వచ్చారు.

"అమ్మా, ఆ పేజీ..."

"ఉందా అండీ?" అంది టీచరమ్మ, కొంచెం కసిగానే.

ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి ఆ ప్రశ్నకి ఆయన దగ్గర జవాబు దొరకలేదు. మూలనున్న నల్ల గొడుగు చంకలో పెట్టుకుని, వాన వెలిసిన వీధిలోకి దాదాపు పరుగున వెళ్ళారు. గొడుగు ఈయనదా అనుకుంది టీచరమ్మ. భయం పోయింది, దాని చోట ఇంకేదో దిగులు మొదలైంది.

అరగంట గడిచింది. గుమ్మంలో ఒక ముసలావిడ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో చప్పుడే కాలేదు. ఒక కాలికి ఆడవాళ్ళ చెప్పు, ఇంకో కాలికి మగవాళ్ళ చెప్పు. చీర కుచ్చెళ్ళు మోకాళ్ళదాకా బురద. ఆ బురద చూస్తే పెద్ద రోడ్డు దాటి వచ్చిందని తెలుస్తోంది, లారీలు తిరిగే రోడ్డు. చేతిలో సెల్‌ఫోన్ వెలుగుతోంది.

"మా ఆయన బయటికెళ్ళారని ఉంది ఇందులో. కాసేపు కూర్చోమంటే కూర్చున్నాను. రాలేదు. ఎటు వెళ్ళారమ్మా?"

టీచరమ్మ ఫోన్ అందుకుని చూసింది. మీరు వెతుకుతున్నవారు ఇప్పుడే బయటికి వెళ్ళారు. కాసేపు కూర్చోండి, వస్తారు.

కౌంటరక్క లేచి, "అమ్మా, మాస్టారింక..." అని మొదలుపెట్టి, ముసలావిడ ముఖం చూసి ఆగిపోయింది. గదిలో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ముసలావిడ ఇద్దరి వైపూ మార్చి మార్చి చూస్తోంది, ఆమె కింది పెదవి అదురుతోంది.

"ఉన్నారమ్మా," అంది టీచరమ్మ. ఆ గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది. "బయటికెళ్ళి మళ్ళీ వచ్చారు. లోపలున్నారు. రండి."

చెయ్యి పట్టుకుని కుర్చీల వారగా నడిపించింది. ఏడో కుర్చీ దగ్గర ముసలావిడ ఆగింది. పుస్తకంలో ఒక కాగితం లేచింది, నిలబడింది, అవతలికి వాలింది. టీచరమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. ముసలావిడ మాత్రం నిట్టూర్చింది.

"చూశావా, నేనొచ్చి నిలబడ్డా తలెత్తరు. పుస్తకంలో పడితే పెళ్ళాం పరాయిదే." అని ఫ్యాను వైపు చూసింది. "సరిగ్గా గాలి కింద కూర్చుంటారు, రాత్రంతా దగ్గుతారు. దాన్ని కాస్త ఆపమ్మా."

టీచరమ్మ ఆపింది.

అప్పుడే ఉందయ్యగారూ, ఆయన వెనక ముసలావిడ కూతురూ రొప్పుకుంటూ వచ్చారు. వాళ్ళు ఒక వీధిలో వెళ్తే ఈవిడ ఇంకో వీధిలో వచ్చింది. తల్లి కుర్చీతో కబుర్లాడుతుంటే కూతురు మెట్ల మీద కూర్చుని చెప్పింది.

"అమ్మకి నాన్న పోయిన సంగతి నిలవదండీ. చెప్పిన ప్రతిసారీ కొత్తగా వింటుంది, కొత్తగా ఏడుస్తుంది. ఐదయ్యిందంటే ఆయన్ని వెతకడానికి బయల్దేరుతుంది. రెండేళ్ళుగా రోజూ ఈయన ఫోన్లో, ఉన్నారమ్మా, చదువుకుంటున్నారు అని చెబితే నెమ్మదిగా కూర్చుని, అన్నం తిని, మరిచిపోయి పడుకునేది. ఫోన్ తీసేశాక మూడుసార్లు రోడ్డెక్కింది. ఒకసారి లారీవాడు దిగి ఇంటికి తెచ్చాడు. తర్వాత ఈ పేజీ వచ్చింది, హమ్మయ్య అనుకున్నాం."

ఉందయ్యగారు నేల చూపులు చూస్తున్నారు. "అబద్ధమేనమ్మా. కానీ ఆవిడతో ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు," అన్నారు.

ఆఖరుకి 'లేదు' అన్న మాట ఆయన నోట వచ్చింది. కానీ ఎవరూ పట్టించుకోలేదు, టీచరమ్మకైతే కళ్ళు తుడుచుకోవడంతోనే సరిపోయింది.

ఆ రాత్రే పేజీ తిరిగి పెట్టింది. తప్పు దిద్దుకోవాలన్న ఆత్రం కొద్దీ ఒక అడుగు ముందుకేసి, ఉందయ్యగారికి జ్వరమొచ్చినా ఆగకుండా, రోజూ ఐదింటికి తను మొదట చూసిన ఆ ఐదు వాక్యాలూ వాటంతటవే కనిపించేలా ఏర్పాటు చేసింది. చాలా తెలివైన పని చేశాననుకుంది.

పన్నెండో రోజు ఉదయం సలహాల పేజీలో మొదటి ఉత్తరం వచ్చింది. కూతురు రాసింది. "అమ్మ గొడవ చేస్తోంది. నాన్న మూడు రోజులుగా నూట నలభై రెండో పేజీ దగ్గరే ఉన్నారట. కళ్ళజోడు మార్చాలేమో కనుక్కోమంటోంది."

ఉందయ్యగారు తల పంకించారు. "మాస్టారు రోజుకి పాతిక పేజీలు చదివే మనిషమ్మా."

టీచరమ్మ ఆ ఏర్పాటు తీసేసింది. నక్షత్రాల పుస్తకం తీసుకుని, ఏడో కుర్చీలో కూర్చోకుండా పక్కనే నిలబడి రెండు వందల పదిహేడో పేజీ దాకా తిరగేసి, తెరిచి పెట్టింది. తర్వాత స్వయంగా రాసింది. "మాస్టారు తోకచుక్కల దగ్గరికొచ్చారు. చూపు బాగానే ఉంది. ఫ్యాను ఆపుకున్నారు."

అది సాయంత్రానికి సిద్ధం చేస్తుండగా అధికారి వచ్చాడు. వెబ్‌సైట్ చూసి, బాగుందన్నాడు. బొమ్మ తలకిందులుగా ఉన్నా బాగుందన్నాడు. ఎండలో వచ్చిన అలసటతో చెమట తుడుచుకుంటూ వెళ్ళి ఏడో కుర్చీ వెనక్కి లాగాడు.

"అక్కడ ఉన్నారండీ," అంది టీచరమ్మ, కంప్యూటర్లోంచి తల ఎత్తకుండానే.

అధికారి కుర్చీ వైపు చూశాడు. తెరిచిన పుస్తకం వైపు చూశాడు. కౌంటరక్క, ఉందయ్యగారు అవునన్నట్టు తలూపారు. ఆయన కుర్చీని ఎక్కడిదక్కడ జాగ్రత్తగా జరిపి, "క్షమించండి" అని మెల్లగా అని, వెళ్ళి పన్నెండో కుర్చీలో కూర్చున్నాడు.