తెలుగు పేజీకి వందమంది

కాశిబుగ్గ చేనేత సంఘంలో సారంగపాణి ఇరవై ఆరేళ్లుగా గుమాస్తా. జంపఖానాలు అమ్ముకోవడానికి సంఘం వెబ్‌సైటు పెట్టుకున్నప్పుడు, ఇంగ్లీషు పేజీ హైదరాబాదు కంపెనీ రాసింది, తెలుగు పేజీ సారంగపాణి రాశాడు. కంపెనీ వాళ్లు "నైపుణ్యం గల కళాకారులు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. సారంగపాణి మాత్రం నలభై రెండు మంది పేర్లూ రాశాడు, ఎవరి చేయి ఏ అంచుకు పెట్టింది పేరో కూడా రాశాడు. హాజరు పట్టీలో తప్ప ఆ పేర్లు అంతకుముందు ఎక్కడా పడలేదు. అందుకే ఆ పేజీ అంటే ఆయనకు ప్రాణం.

చిక్కల్లా ఒకటే. సైటును తెరిచిన ఫోను ఏ భాషలో ఉంటే ఆ భాష పేజీనే కనిపిస్తుంది. తెలుగు తప్ప మరో ముక్క రాని కాశిబుగ్గ జనం ఫోన్లన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఏ బటన్ ఎక్కడుంటుందో గుర్తుపెట్టుకుని నెట్టుకొస్తున్నారు. భాష మార్చుకునే బటనొకటి పేజీ మీదే పెట్టమంటే, అందం చెడిపోతుందని కంపెనీ ఒప్పుకోలేదు. అందం సంగతి వాళ్లకే తెలియాలి.

ఏడాది తిరిగాక లెక్క వచ్చింది. తెలుగు పేజీ చూసినవారు ఒక్కరు. ఆ ఒక్కరూ ఎవరో సారంగపాణికి బాగా తెలుసు.

"నెల రోజులు చూద్దాం పాణీ," అన్నాడు సంఘం అధ్యక్షుడు రాజేశ్వర్ రావు. "వందమంది చూస్తే ఉంచుదాం. లేకుంటే తీసేద్దాం."

మర్నాడే సారంగపాణి ఇల్లిల్లూ తిరిగి ఫోన్లన్నీ తెలుగులోకి మార్చాడు. నొక్కగానే పేజీ తెరుచుకునేలా ప్రతి ఫోను తెర మీదా జంపఖానా బొమ్మ ఒకటి పెట్టాడు. దాన్ని తనే నొక్కేస్తే పని అయిపోయేది. కానీ అది దొంగలెక్క అవుతుందని, ఎవరికి వారే నొక్కాలని పట్టుబట్టాడు. అతి నిజాయితీ మనిషిని ఎంత వెర్రివాణ్ణి చేస్తుందో చెప్పలేం.

సాయంత్రానికి పేటంతా గగ్గోలు. వెంకట్రాజం మగ్గం వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

"నా ఫోన్ ఏం జేసినవ్ పాణీ? నెక్కొండ నుంచి బిడ్డ ఫోన్ జేస్తాంది. ఎత్తుదామంటే ఏదేదో రాసుంది!"

"అది తెలుగే గదే అన్నా."

"గా తెలుగు నాకద్దు. నా ఇంగ్లీషు నాకియ్యి!"

రెండు రోజుల్లో అందరూ తిట్టి, బతిమాలి, ఫోన్లు మళ్లీ ఇంగ్లీషు చేయించుకున్నారు. బొమ్మ నొక్కే తీరిక వాళ్లలో ఒక్కరికీ దొరకలేదు. తిరిగి రానిది మగ్గం నేసే రాజక్క ఒక్కతే. ఆమెకు ఏ భాషా చదవడం రాదు. పచ్చది నొక్కితే మాట, ఎర్రది నొక్కితే బంద్, అంతే. ఫోను ఏ భాషలో ఉంటే ఆమెకేం?

నెలాఖరు మీటింగులో రాజేశ్వర్ రావు లెక్క చదివాడు. తెలుగు పేజీ నూట పదకొండు సార్లు తెరిచారట. సారంగపాణి గుండె గంతేసింది.

"ఆగు. అన్నిసార్లూ ఒక్క ఫోనేనట," అన్నాడు అధ్యక్షుడు. "రాజక్కా, నీదే గదా? ఒక్క మనిషి నూరుసార్లు చూస్తే నూరుమంది ఎట్లయితరు? తీసేద్దాం."

సారంగపాణి తల దించుకున్నాడు. నలభై రెండు పేర్లూ కళ్లముందే చెరిగిపోతున్నట్టు అనిపించి ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

రాజక్క లేచి నిలబడింది.

"నేనెక్కడ చూసిన సారూ? నాకు చదువచ్చునా? బొమ్మ నొక్కుడే నాకెరుక. నొక్కినప్పుడల్లా ఒకరితోని చదివిపిచ్చుకున్న. కూరగాయల కళావతి చదివింది. దవాఖానల చీటీలు రాసే పిల్ల చదివింది. కాజీపేటల రైలు కోసం కూసున్నోళ్లు వరుసగ చదివిండ్రు. చదివినోళ్లని మళ్ల అడుగలే, పాపం వాళ్లకేం పని లేదా? రోజుకింత మంది కొత్తోళ్లను దేవులాడుకుంట తిరిగిన."

రాజక్క బొమ్మ నొక్కి, ఫోను తీసుకెళ్లి రాజేశ్వర్ రావు చేతిలో పెట్టింది.

"నువ్వింకా చదువలే గద సారూ."

అధ్యక్షుడు కళ్లద్దాలు సవరించుకుని, మొదటి పేరు నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. రాజక్క కొంగు సర్దుకుని, తన పేరు వచ్చేదాకా నిలబడే వింది.