మా చాల్ అరేబియా సముద్రంలోకి వెళ్లిన సాయంత్రం

ఎనభైల్లో ఒక ఆదివారం సాయంత్రం నేను కామాటిపురలోని మా చాల్‌ను, అంటే వరస గదుల మా మేడను, అందులోని జనంతో, గచ్చి మీద ఎండుతున్న వడియాలతో సహా అరేబియా సముద్రంలోకి తోసేశాను. ఎవరికీ కాలు కూడా తడవలేదు. మునిగింది నా పెళ్లి ఒక్కటే, అది కూడా మెడదాకానే.

అప్పట్లో ఫోరస్ రోడ్ పక్క గల్లీలో, ఓడల యంత్రాలు బాగుచేసే వర్క్‌షాప్‌లో పని నేర్చుకుంటున్నాను. నేర్చుకుంటున్నది తెగిన వైర్లు అతికించడం. చాల్‌లో చెప్పుకున్నది మాత్రం ఆకాశంలో ఉపగ్రహాలను తిప్పుతానని. ఆ మాట నల్లా దగ్గర పుట్టి, బాలయ్య మేస్త్రీ చెవిన పడింది. ఆయన కూతురు సరోజను నాకివ్వాలా వద్దా అని మాటలు నడుస్తున్న రోజులవి. నాకు సరోజంటే ప్రాణం. ఆ సంగతి సరోజకు తప్ప గల్లీలో అందరికీ తెలుసు.

"ఏం తిప్పుతవో జర నేను సూడాలె. అయితారం వస్త" అన్నాడు బాలయ్య మామ.

పెళ్లిచూపుల్లో పిల్ల పాట పాడటం మీరు విని ఉంటారు. పిల్లవాడు ఉపగ్రహం తిప్పడం ఎక్కడైనా విన్నారా? వర్క్‌షాప్ సేఠ్ కాళ్లావేళ్లా పడి, ఓ ఓడ నుంచి రిపేరుకు వచ్చిన సాట్‌నావ్ పెట్టె తెచ్చుకున్నాను. ఉపగ్రహం తల మీదుగా పోతూ మాట్లాడితే విని, ఓడ ఎక్కడుందో అంకెల్లో చెప్పే పెట్టె అది. ఉపగ్రహాన్ని నడిపేవాళ్లు ఎక్కడో దూరదేశంలో నేల మీద కూర్చుని ఉంటారు. పెట్టె పని వినడం, నా పని పెట్టెను మోయడం.

మధ్యాహ్నమే మా చోటు తాలూకు అంకెలు నొక్కి పెట్టె ఆన్ చేశాను. కానీ పక్క గది ఎంకవ్వ తన చీరలు ఆరేదాకా గచ్చి మీది బట్టల వాసం ఇవ్వనంది. ఆ వాసం దొరికి, దానికి యాంటెన్నా కట్టేసరికి సాయంత్రమైంది, మామా సరోజా వచ్చేశారు, వాళ్ల వెనకే సగం చాల్ ఎక్కి వచ్చింది. నేను ఓడవాళ్ల మ్యాపు పరిచి, పెట్టెలోని ఎర్ర అంకెలు చూస్తూ దర్జాగా వేలు జరిపాను.

"ఏడున్నం?" అడిగాడు మామ.

"ఇగో, ఈడ."

"ఇది నీలంగున్నది గదా?"

"అవు మామా."

"నీలమంటే ఏంది?"

"నీళ్లు."

మామ మొహం మారింది. ఆయన ముత్తాత పాలమూరు నుంచి వచ్చి, తట్టలతో మట్టి మోసి, సముద్రం నీళ్లు నిలిచే ఈ పల్లాన్ని పూడ్చినవాళ్లలో ఒకడు. ఇంట్లో ఏ శుభకార్యమైనా ఇప్పటికీ ముందు ఆ పాత తట్టకే పసుపు, బొట్టు పెడతారు.

"మావోళ్లు నడుములిరగ మోసి పూడ్సిన జాగ ఇది. నీ డబ్బా ఒక్క పూటల మళ్ల సముద్రం జేసిందా?"

"నేను కాదు మామా, ఉపగ్రహం..."

"దాన్ని తిప్పేది నువ్వే గదా! సక్కగ జెప్పమను!"

కంగారులో ఏదో మీట నొక్కి మళ్లీ చూశాను. వేలు ఇంకాస్త పడమరకు జరిగింది.

"అయ్యో, చాల్ పోతాంది!" అంటూ ఎంకవ్వ వడియాలు ఎత్తడం మొదలుపెట్టింది.

"యాడికి?" అన్నారు వెనకాల ఎవరో.

"దుబాయ్ దిక్కు!"

"పాస్‌పోర్ట్ లేకుండనే?"

మామ జేబులోంచి గుండు కట్టిన దారం తీసి, పిట్టగోడ మీంచి వేలాడదీసి, ఒక కన్ను మూసి చూశాడు. "గోడ కదల్లే" అన్నాడు. అని మళ్లీ పెట్టెకేసి చూసి, అనుమానంగా ఇంకోసారి దారం వదిలాడు. నాకైతే నేను నిలబడ్డది గచ్చి మీదో ఓడ మీదో తెలియలేదు. ఒట్టు, కాస్త ఊగినట్టు కూడా అనిపించింది.

చివరికి మామ దారం చుట్టేశాడు. "సరోజా, పా ఇంటికి. నీళ్లల్ల సంబంధం మనకొద్దు."

సరోజ మాత్రం కదల్లేదు. పెట్టె ముందు కూర్చుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటోంది.

"ఈడ స్పీడ్ అని రాసుంది. పక్కకు పన్నెండు ఉంది" అంది. "మన చాల్ ఎప్పటిసంది నడుస్తాంది?"

అప్పుడు వెలిగింది నాకు. ఉపగ్రహం మాట వినపడనంతసేపూ ఆ పెట్టె ఓడ వేగాన్ని, దిక్కునూ బట్టి తనే చోటు అంచనా వేసుకుంటుంది. పెట్టె అంతకుముందు ఉన్న ఓడ పడమరకు పోతుండేది. దాని వేగాన్ని సున్నా చేయడం నేను మరిచిపోయాను. పాపం, ఆ పెట్టె మధ్యాహ్నం నుంచీ మా చాల్‌ను ఓడనుకుని బుద్ధిగా నడిపిస్తోంది.

వేగం దగ్గర సున్నా నొక్కి, మా చోటు అంకెలు మళ్లీ ఇచ్చాను. కాసేపటికి నిజంగానే ఉపగ్రహం వచ్చింది, పెట్టె కూసింది. ఈసారి వేలు నేల మీద ఆగింది.

"నిజం జెప్పు" అన్నాడు మామ. "దాన్ని తిప్పేది నువ్వేనా?"

"కాదు మామా. అది తిప్పెటోళ్లు వేరే ఉన్నరు. కింద కూసొని దారి జెప్తరు. జెప్పకుంటే అది యాడికో పోతది."

మామ కూతురి వైపు తిరిగాడు. "ఏమంటవ్ బిడ్డా?"

సరోజ నవ్వాపుకుంటూ, "ఈయనకు సుత కింద కూసొని దారి జెప్పెటోళ్లు కావాలె నాయినా" అంది. "నేను జెప్త."

అప్పటినుంచీ చెబుతూనే ఉంది. పెళ్లినాడు పసుపు రాసిన ఆ తట్ట మీద చేయి పెట్టి, మామ ఎదుట నేను ప్రమాణం చేశాను: పెద్దలు పూడ్చిన ఈ నేలను ఇక ఈ జన్మలో సముద్రంలో కలపను. కలపక తప్పకపోతే, ముందు ఎంకవ్వ వడియాలు కిందికి దింపిస్తాను.